డి డ్రైవ్ కూడా అదే ఇల్లు

(కడపలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక కంప్యూటర్ మెకానిక్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలందరికీ నమస్కారం. మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే నాలుగు మాటలు వస్తాయి గానీ, ఈ శాలువా చూస్తుంటే నోరు ఎండిపోతోంది. ఏడురోడ్ల కూడలి దగ్గర సందులో ఇరవై నాలుగేళ్లుగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఓ పదిమంది డబ్బాలు నేను విప్పినవే. ఎవరి దాంట్లో ఏమున్నాయో చెప్పనులెండి. (నవ్వులు)

కొట్టుకు పాత కంప్యూటర్ రాగానే నేను అడిగేది ఒకటే. "లోపల ఉన్నవాటికి ఇంకో కాపీ ఉందా సార్?" చాలామంది చెప్పే జవాబూ ఒకటే. "ఉందప్పా, అన్నీ డి డ్రైవ్‌లో వేసి పెట్టినా." ధైర్యంగా చెబుతారు. ఆ ధైర్యం మా మెకానిక్కులు ఇచ్చిందే. కాబట్టి ముందు మా తప్పు ఒప్పుకుంటాను.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వైరస్ వచ్చిందంటే సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించి ఇచ్చేవాళ్లం. సి లో ఉన్నవి పోయేవి, డి లో ఉన్నవి మిగిలేవి. "మీ ఫోటోలు డి లో పెట్టుకోండి, భయం లేదు" అని మేమే చెప్పాం. విండోస్ చెడిపోయినంతవరకు ఆ మాట నిజమే. డిస్కే చెడిపోతే? తెరమీద సి, డి, ఇ అని మూడు కనిపిస్తాయి గానీ, డబ్బా విప్పితే సాధారణంగా లోపల ఉండేది ఒకటే డిస్కు. మన పాత మిద్దె ఇంట్లో రెండు అడ్డగోడలు లేపి మూడు గదులు చేసుకున్నట్టు. వానకు మిద్దె కూలితే ఏ గదిలో ఉన్న పెట్టె అయినా మట్టికిందే.

మా జేజికి ఈ సంగతి కంప్యూటర్ చూడకుండానే తెలుసు. ఇంట్లో తినే జొన్నలు పాతర్లో ఉండేవి. విత్తనాల జొన్నలు మాత్రం బూడిద కలిపి, కుండకు మూతి కట్టి, అటక మీద పెట్టేది. అందులోంచి రెండు శేర్లు తీసి పక్క ఊళ్లో వాళ్ల అక్క ఇంట్లో పెట్టించేది. "మన అటక మీద ఉన్నాయి కదా జేజీ, మళ్లీ అక్కడెందుకు?" అంటే, "మన ఇంటికి నిప్పంటుకుంటే అటక ఆగుతుందా?" అనేది. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల్లో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అని అమెరికాలో పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ఒక లెక్క ప్రచారంలోకి తెచ్చాడు. మూడు, రెండు, ఒకటి అంటారు దాన్ని. ఆ లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు మా జేజి కుండే గుర్తొచ్చింది.

వేరే చోటు అంటే పక్కగది కాదు, వీలైతే పక్క వీధి కూడా కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు మీదికి వచ్చింది, అందరికీ తెలుసు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగితే చెయ్యేరు పక్క ఊళ్ల గతి చూశాం. అక్కడ మనుషులే పోయారు, ఫోటోల మాట ఎత్తడం కూడా బాగుండదు. కానీ పోయినవాళ్ల ఫోటో కోసం ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఎంత వెతుక్కుంటారో నేను కొట్లో కూర్చొని చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీ పిల్లలు బెంగళూరులో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు. పండక్కి వచ్చినప్పుడు అరిసెల డబ్బాతో పాటు ఒక డిస్కు కూడా ఇచ్చి పంపండి. అంతకంటే మంచి వేరే చోటు ఏముంది?

ఇప్పుడే ఎందుకు ఇదంతా అంటే, మీ ఇళ్లలో ఉన్న కంప్యూటర్లలో చాలావాటికి కాలం దగ్గరపడింది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మద్దతు ఆపేసింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్తది కావాలి. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం, ఆపైన. పది పన్నెండేళ్ల కిందట కొన్న డబ్బాలకు అది కుదరదు. అంటే మార్చక తప్పదు. మార్చేటప్పుడు పాతదాన్ని ఎక్స్‌చేంజికి ఇచ్చేస్తారు, లేదంటే "పనికిరాదులే" అని పాత సామాన్లవాడికి వేస్తారు. మీ అమ్మాయి పెళ్లి ఫోటోలు కిలోల లెక్కన వెళ్లిపోతాయి.

హార్డ్‌డిస్క్ పోయేముందు చెప్పి పోతుందా అని అడుగుతారు. కొన్ని చెబుతాయి, కొన్ని చెప్పవు. దాని లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి, కొన్ని డిస్కుల్లో 5,400 సార్లు. పళ్లెం మీద వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో ఒక మొన కదులుతూ చదువుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఆడే ఫ్యానుకే బేరింగు అరుగుతుంది, ఇది ఎంత? ఒక ఫోల్డర్ తెరవడానికి ముందెన్నడూ లేనంత సేపు పడుతోందంటే, ఫైల్ తెరిస్తే మధ్యలో ఆగిపోతోందంటే అనుమానించండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో నీలం రంగు మారి పసుపు వస్తే ఆ రోజే కాపీకి కూర్చోవాలి. ఎరుపు వస్తే స్నానం కూడా తర్వాత.

లోపలనుంచి టక్ టక్ మని గడియారంలా కొట్టుకుంటే మాత్రం ఆపేయండి. ఆఫ్ చేసి, ప్లగ్గు తీసేయండి. "ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం" అని పదిసార్లు చూసేవాళ్లు ఉంటారు. ఒక్కోసారి మొన పళ్లేన్ని గీకుతూ ఉంటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంత గీత పడుతుంది. ఆ దశలో నా దగ్గరికి వచ్చినా నేను చేసేదేమీ లేదు. దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి డేటా తీసే ల్యాబులు పెద్ద నగరాల్లో ఉన్నాయి, వేలల్లో ఖర్చు, గ్యారంటీ లేదు. ఆ డిస్కును కొట్లో బల్లమీద విప్పుతానని ఎవరైనా అంటే ఇవ్వకండి. నేనన్నా సరే ఇవ్వకండి.

(సభలోంచి: "మాది ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతాంది.")

అది భయపడాల్సింది కాదు సార్. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోయింది. తేదీ తప్పయితే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు, "నెట్ రావడం లేదు" అని మా కొట్టుకు వస్తారు. బిళ్ల మార్చి తేదీ సరిచేస్తే సరి. కానీ ఆ బిళ్ల అయిపోయిందంటే డబ్బాకు వయసైందని అర్థం. డిస్కు వయసు కూడా అంతే కదా.

సరే, కాపీ ఎలా చేయాలి? ముందు ఏవి కాపీ చేయాలో తేల్చుకోవాలి. ఇక్కడే అందరూ తడబడతారు. మొన్న ఒక పెద్దాయన, "500 జీబీ నిండింది, అంత యాడ పెట్టేది?" అన్నారు. తెరిచి చూస్తే 300 జీబీ సినిమాలు, ఇంకో 60 జీబీ పాటలు. ఆయన సొంతం అనదగ్గవి 22 జీబీ. సినిమా మళ్లీ దొరుకుతుంది. పదో తరగతి మార్కుల జాబితా కూడా డిజిలాకర్‌లో దొరకొచ్చు. ఆధార్, పాన్ మళ్లీ తెచ్చుకోవచ్చు. మళ్లీ దొరకనివి ఏవి? మీ ఇంటి ఫోటోలు, మీరు తీసిన వీడియోలు, మీరు రాసుకున్నవి, స్కాన్ చేసి పెట్టుకున్న పాత దస్తావేజులు. కొన ఊపిరితో ఉన్న డిస్కు మీద ముందు ఆ 22 జీబీ తీయాలి. చానామంది సినిమాల ఫోల్డర్‌తో మొదలుపెడతారు, సగంలో డిస్కు ఆగిపోతుంది.

అవి ఎక్కడెక్కడ ఉంటాయో మీకే తెలియదు. డెస్క్‌టాప్ మీద కొన్ని, డౌన్‌లోడ్స్‌లో కొన్ని, డాక్యుమెంట్స్‌లో కొన్ని, డి లో "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ 2", "న్యూ ఫోల్డర్ 2 కాపీ"ల్లో కొన్ని. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ ఒక మేడం డబ్బాలో "న్యూ ఫోల్డర్ 37" దాకా చూశాను. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే యూజర్ ఉంటే వాళ్లవి కూడా చూడండి. టాలీలో లెక్కలు రాసుకునేవాళ్లు డెస్క్‌టాప్ మీది బొమ్మను కాపీ చేసుకుని సంతోషపడొద్దు. టాలీలోనే బ్యాకప్ అనే ఆప్షన్ ఉంది, దాంతో తీయండి.

ఆ బొమ్మ మాట వచ్చింది కాబట్టి నా సొంత కథ ఒకటి చెప్పాలి. కొట్టు పెట్టిన రెండో ఏడాది. ఒక లెక్చరర్ గారు కంప్యూటర్ ఇచ్చి, "ఫార్మాట్ చెయ్యి, డెస్క్‌టాప్ మీద నా నోట్స్ ఫోల్డర్ ఉంది, అది మాత్రం జాగ్రత్త" అన్నారు. నేను ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి లాగాను. రెప్పపాటులో కాపీ అయిపోయింది. అంత త్వరగా ఎలా అయిందని అనుమానం రావాలి కదా? రాలేదు. ఫార్మాట్ కొట్టాను. తర్వాత పెన్‌డ్రైవ్ తెరిస్తే ఒక కేబీ చిల్లర. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. ఇంటి మీద తలుపు నంబరు రాసి ఉన్న రేకు ముక్క ఊడదీసుకొచ్చి, ఇల్లు తెచ్చానని అనుకున్నాను. ఇల్లు నేనే కూల్చేశాను. ఆయన నన్నేమీ అనలేదు. "ఆరేళ్లు రాసుకున్నా అబ్బాయ్" అని ఒక్క మాట అని, డబ్బులిచ్చి మరీ వెళ్లారు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో.

ఆ రోజునుంచి నా పద్ధతి మారింది. మీరూ అలాగే చేయండి. పాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడండి, 4,318 ఫైళ్లు అని, ఇంత సైజు అని చూపిస్తుంది. కాగితం మీద రాసుకోండి. కాపీ అయ్యాక కొత్తదాని మీద కూడా చూడండి. లెక్క సరిపోవాలి. సరిపోయినా వదలకండి. మొదట్లోవి నాలుగు, మధ్యలోవి నాలుగు, చివర్లోవి నాలుగు తెరిచి చూడండి. వీడియో అయితే చివరిదాకా జరిపి చూడండి. వీలైతే వేరే కంప్యూటర్లో పెట్టి చూడండి. ఇంకొకటి, కట్ కొట్టకండి, కాపీ కొట్టండి. కట్ కొట్టినప్పుడు మధ్యలో కరెంటు పోతే ఏది ఎక్కడుందో తేల్చుకోవడమే పెద్ద టెన్షన్.

దేనిలోకి కాపీ అంటే, ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి కొనండి. పాత డబ్బా యూఎస్‌బీ 2.0 అయితే సెకనుకు ముప్పై ఎంబీ చొప్పున వెళ్తుంది, 100 జీబీకి దాదాపు గంట పడుతుంది. చిన్న చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో తెల్లవారుజామున మొదలుపెట్టండి. డిస్కు తట్టుకునే వేడి సుమారు 60 డిగ్రీలే, మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం బయటే 43, 44. డబ్బా లోపల ఇరవై ఏళ్ల దూది ఉంటుంది. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెడతాను నేను, చూడటానికి వైద్యంలా ఉండదు గానీ పనిచేస్తుంది. డబ్బా మరీ నిదానంగా ఉంటే అందులోంచి కాపీ చేసే బాధ పడకండి. డిస్కు ఊడదీసి, వేరే కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైరుతో తగిలిస్తాం, పది నిమిషాల పని. విండోస్ లేవకపోయినా ఫైళ్లు పోయినట్టు కాదు. ఈ మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. "కంప్యూటర్ ఆన్ కావడం లేదు, అన్నీ పోయాయి" అని ఏడుస్తూ వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. పవర్ సప్లై పోయి ఉంటుంది, డిస్కు నిక్షేపంగా ఉంటుంది.

పెళ్లి వీడియో ఎక్కడం లేదని కొందరు వస్తారు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే తీసుకుంటుంది, కానీ మార్చేటప్పుడు అందులో ఉన్నవి చెరిగిపోతాయి, ముందు ఖాళీ చేసుకోండి.

ఇప్పుడు తెలుగులో రాసేవాళ్లకు ఉన్న ఒక తలనొప్పి. ఇక్కడ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, జాగ్రత్తగా వినండి. ఒక హెడ్మాస్టరు గారు పదకొండేళ్లు కష్టపడి వాళ్ల ఊరి చరిత్ర రాసుకున్నారు. డీటీపీ చేయించి సీడీలో, పెన్‌డ్రైవ్‌లో, కూతురి కంప్యూటర్లో, మూడు చోట్ల పెట్టారు. మా జేజి కూడా మెచ్చుకునేంత జాగ్రత్త. కొత్త కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు. ఒక్క తెలుగు ముక్క లేదు. ఫైలు ఒక్క బైటు కూడా చెడలేదు. అది అను ఫాంట్లలో కొట్టింది. ప్రతి భాష అక్షరానికీ దాని సొంత నంబరు ఇచ్చే యూనికోడ్ పద్ధతి రాకముందు తెలుగు ఫాంట్లు చేసిన పని ఏమిటంటే, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టడం. కంప్యూటర్ లెక్కలో అది తెలుగు కాదు. ఫాంటు ఉంటేనే తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు లేకపోతే గజిబిజి. శ్రీలిపిలో కొట్టినవీ ఇంతే. దానికి తోడు ఆయనది పేజీలు అమర్చే పాత ప్రోగ్రాం అయిన పేజ్‌మేకర్ ఫైలు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ ప్రోగ్రాం సీఎస్ 6 వెర్షన్ వరకు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు.

ఆయన పాత డబ్బా ఇంకా అటక మీద ఉండబట్టి బతికిపోయాం. దాన్ని దించి, ఆన్ చేసి, అందులోనే ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేశాం. పీడీఎఫ్ చేస్తే ఏ కంప్యూటర్లోనైనా చదవొచ్చు. తర్వాత అక్షరాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లలో వేశాం. ఒత్తులు అక్కడక్కడా తప్పాయి, ఆయనే నెలరోజులు కూర్చొని దిద్దుకున్నారు. కాబట్టి తెలుగు డీటీపీ ఫైళ్లు ఉన్నవాళ్లు పాత కంప్యూటర్ అమ్మేలోపు ఆ పని అందులోనే చేయండి. ఫైలుతో పాటు ఫాంట్లు కూడా కాపీ చేసుకోండి. వీలైతే ఒక ప్రింటు తీసి బైండు చేయించండి. నవ్వకండి, కాగితానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

మన జిల్లా సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలు మనకు ఎలా మిగిలాయి? రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుళ్లో ఆ రేకులు వందల ఏళ్లు పడి ఉండి, 1922 ప్రాంతంలో బయటికొచ్చాక, అక్షరం చదవడానికి ఏ యంత్రమూ అడగలేదు. కానీ ఆయన రాసినవి 32 వేలు అంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. ఇంకో సంగతి, అంత గట్టి కాపీ ఉండి కూడా అన్నేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మీ డిస్కు బీరువాలో చీరల కింద ఉందని మీకొక్కరికే తెలిస్తే దాని గతీ అదే. ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి. దానిమీద స్టిక్కరు అంటించి, ఏమున్నాయో, ఏ నెలలో తీశారో రాయండి.

బ్రౌన్ దొర కూడా చేసింది ఇదే పని. 1820లో కడపకు వచ్చినాయన, ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, పురుగులు తింటున్న తాటాకులకు శుద్ధప్రతులు రాయించాడు. ఒక కావ్యానికి ఒక్క ప్రతితో ఊరుకోకుండా నాలుగైదు తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చి చూపించేవాడు. నేను ప్రాపర్టీస్‌లో ఫైళ్ల లెక్క చూస్తాను, ఆయన పండితులు పద్యాల లెక్క చూశారు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, మీలో చాలామంది రోజూ పేపరు చదివేది అక్కడే.

(సభలోంచి ఒక మహిళ: "ఫోన్లో ఫోటోలన్నీ గూగుల్‌లో ఉన్నాయి కదా, ఇదంతా ఎందుకు?")

మంచి ప్రశ్న అమ్మా. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ అందులోనే. నిండితే కొత్తవి ఎక్కడం ఆగిపోతుంది, చాలామంది ఆ నోటీసు చూడరు. ఫోన్లో ఖాళీ కావాలని గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ కొడతారు, అక్కడా పోతుంది. బిన్‌లో 60 రోజులు ఉంటుంది, తర్వాత లేదు. రెండేళ్లు ఆ అకౌంట్ ముట్టుకోకపోతే దాన్ని తీసేసే హక్కు కూడా వాళ్లకుంది. వేరే చోట ఉండే కాపీగా అది మంచిదే, నేనూ వాడతాను. అదొక్కటే ఉండటం మంచిది కాదు. పాత కంప్యూటర్లో ఉన్న 100 జీబీ అప్‌లోడ్ చేయాలంటే, సెకనుకు పది మెగాబిట్ల వేగం ఉన్న నెట్‌తో 22 గంటలు పైనే. మన కరెంటుకు, మన నెట్‌కు రెండు మూడు రోజులు అనుకోండి.

(సభలోంచి: "పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలదా?")

మోసుకుపోవడానికి పెన్‌డ్రైవ్, దాచుకోవడానికి కాదు. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంటే అందులో ఉన్నవి చెరిగే అవకాశం ఉంది. అదీగాక అదే పెన్‌డ్రైవ్‌ను జిరాక్స్ షాపుకు తీసుకెళ్తారు, షార్ట్‌కట్ వైరస్ అంటించుకొని తెస్తారు. అలా వచ్చినప్పుడు ఫైళ్లు పోయాయని ఫార్మాట్ కొట్టకండి, అవి లోపలే దాక్కొని ఉంటాయి, తీయొచ్చు. బ్యాకప్ డిస్కును కూడా పని అయిపోగానే ఊడదీయండి. 2017 మేలో వచ్చిన వన్నాక్రై లాంటి, డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వైరస్‌లు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కును కూడా వదలవు.

డీవీడీల్లో పెట్టుకున్నవాళ్లు చేతులెత్తండి... అబ్బో. ఈ ఆదివారమే ఒక్కొక్కటీ వేసి చూడండి సార్. ఇంట్లో రాసుకున్న డీవీడీలో రంగు పొర ఉంటుంది, అది వెలిసిపోతుంది. కొత్త కంప్యూటర్లలో డీవీడీ డ్రైవ్ కూడా రావడం లేదు.

టీ వచ్చేసినట్టుంది, నేనూ ఆపుతాను. పాత డబ్బాలు తెచ్చినవాళ్లు ఆ గోడ పక్క బల్లమీద పెట్టండి. పేరు, ఫోన్ నంబరు రాసి అంటించండి, లోపల ముఖ్యమైన ఫోల్డర్ల పేర్లు కూడా రాయండి. పాస్‌వర్డు మాత్రం చీటీ మీద వద్దు, నా చెవిలో చెప్పండి. సభ మొదలుకాకముందు తన డబ్బా టక్ టక్ మంటోందన్న సార్ ఎక్కడున్నారు? మీది ప్లగ్గులో పెట్టారా? తీసేయండి సార్, తీసేయండి, నేను వస్తున్నా.